ముఖాల కింద పేర్లు

వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటున్న పిల్లలు ఈమధ్య నా ఇంటికి వచ్చి, "మేడం, మీ కాలంల ఎట్లుండె?" అని అడుగుతున్నారు. నా కాలమేమీ రాజుల కాలం కాదు. నాకింకా యాభై ఐదు నిండలేదు. డిస్కులు చచ్చిపోయాయి, నా పని కూడా వాటితో పోయింది, అందుకని రిటైరయ్యాను. వాళ్లకు నా దగ్గర చిట్కాలు కావాలి. నేను మొదట చెప్పేది భయం గురించి. భయపడడం రానివాళ్లు ఈ పనిలోకి రావద్దంటే నవ్వుతారు. నవ్వనీ. నేనూ ఒకప్పుడు నవ్వినదాన్నే.

అసలు పని

జనగామలో నా దుకాణం రైల్వే స్టేషను దారిలో ఉండేది. పెండ్లి టేపును కంప్యూటర్‌లోకి దించడం, కత్తిరించడం, పాటలు కలపడం, ఆ పెద్ద ఫైలును ఇంట్లో ఉండే ప్లేయరు చదవగలిగే రూపంలోకి మార్చడం, చివరికి డిస్కు మీదికి ఎక్కించడం. చూసేవాళ్లకు బటన్లు నొక్కే పని. నిజానికి సగం పని ఎదురుచూడడం, మిగతా సగం కరెంటు పోవద్దని మొక్కుకోవడం. ఫైలు మారుతున్నప్పుడు కరెంటు పోతే మళ్లీ మొదటినుంచి చేయాలి.

బీఎస్సీ అయ్యాక హన్మకొండలో ఒక ల్యాబ్‌లో ఈ పని నేర్చుకున్నాను. అక్కడి యజమాని నోరు మంచిది కాదు, బుద్ధి అంతకన్నా మంచిది కాదు. "ఆడపిల్లవు, నీకు కటింగెందుకు? ఓ మూలకు కూసొని పేర్లు రాసుకో పో" అని, ముఖాల కింద టైటిళ్లు వేసే పనికి నన్ను కూర్చోబెట్టాడు. మగపిల్లలు చాయ్ తాగుతూ కటింగ్ చేస్తుంటే నేను చూసి చూసి దాన్ని కూడా నేర్చుకున్నాను. ఆయన మీద నాకున్న కోపం ఇంకా తగ్గలేదు. కానీ ఆయన అన్న ఒక మాట మాత్రం నిజం: "చూడు, కాగితం మీద తప్పుబోతే కొట్టేయొచ్చు. డిస్కు కాలినంక దేవుడు గూడ దిద్దలేడు."

ఆ మాట అర్థం కావడానికి నేను రెండు తప్పులు చేయాల్సి వచ్చింది. మొదటిది చిన్నది. సొంత దుకాణం పెట్టిన కొత్తలో, మన టీవీల పద్ధతికి కాకుండా అమెరికా టీవీల పద్ధతికి ఫైలు మార్చేశాను. సాఫ్ట్‌వేర్‌లో అదే ముందుగా ఉంటుంది, చూసుకోలేదు. జఫర్‌గఢ్ నుంచి ఒకాయన డిస్కులన్నీ సంచిలో వేసుకొచ్చి నా బల్ల మీద కుమ్మరించాడు.

"ఏందమ్మా ఇది? నా బిడ్డ పట్టుచీర బొగ్గు రంగయింది. బొమ్మ జూస్తె కిందికెల్లి మీదికి ఉరుకుతాంది!"

అన్నీ మళ్లీ చేసిచ్చాను. అప్పటినుంచి ఏ పనైనా ముందు ఒక్క డిస్కే కొట్టి, ఊర్లో దొరికే అన్నిటికన్నా నాసిరకం ప్లేయర్లో వేసి, చివరిదాకా చూసి, ఆ తరువాతే మిగతావి, అదీ నిదానం స్పీడులో. ఆ తప్పుకు మందు ఉంది కాబట్టి చెప్పాను. రెండోదానికి మందు లేదు.

పేర్లు

పెండ్లి వీడియోలో దగ్గరి చుట్టాల ముఖాలు ఒక్కొక్కటిగా ఆపి, కింద పేరు, వరుస, ఊరు వేయడం మా వైపు మర్యాద. ఇంటివాళ్లు ఒక కాగితం మీద జాబితా రాసిస్తారు. ఎవరి ముఖం కింద పేరు పడలేదో వాళ్లు ఆ ఇంటితో ఏడాది మాట్లాడరు.

నాకు వచ్చిన టైటిల్ నమూనాలన్నీ బెజవాడ నుంచి వచ్చినవి. "బావగారు", "మామయ్యగారు", "నాన్నగారు". మా దగ్గర ఎవరు ఎవరిని గారు అంటారు? అయినా ఇంటివాళ్లే అడిగేవాళ్లు, "మేడం, జర మంచి తెలుగుల రాయుండ్రి" అని. నాకు ఒళ్లు మండేది. సినిమాల్లో మన మాట దొంగకో వంటమనిషికో పెట్టి నవ్వించి నవ్వించి, సొంత తండ్రిని బాపు అని, తల్లిని అవ్వ అని రాయించుకోవడానికి సిగ్గుపడేలా చేశారు.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక నేను ఎవరినీ అడగడం మానేశాను. బాపు, అవ్వ, చిన్నాయిన, మేనత్త అని ముఖాల కింద పెద్ద తెల్లటి అక్షరాలతో పేరు, ఊరు, తండా వేశాను. నేను ఊరేగింపులకు పోలేదు, రోడ్ల మీద వంటలు వండలేదు. నా ఉద్యమం ఆ అక్షరాలే అనుకున్నాను. గర్వంగానే ఉండేది. గర్వం ఉన్నచోట భయం ఉండదు, భయం లేనిచోట మనిషి చూడాల్సింది చూడడు.

రైల్వే గేటు

నర్మెట్ట దగ్గరి ఒక తండాలో లంబాడీల పెండ్లి. పెండ్లికొడుకుది మహబూబాబాద్ వైపు. పెండ్లికూతురు అన్న రవీందర్ డిగ్రీ చదివినవాడు. అటవీ శాఖలో ఉద్యోగానికి ఎంపికై, పోలీసు ఎంక్వైరీ కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ తండాలో సర్కారు నౌకరి అతనిదే మొదటిది.

పెండ్లయ్యాక అమ్మాయిని తీసుకుని అందరూ వ్యానెక్కి బయలుదేరారు. జనగామ దాటే చోట రైల్వే గేటు పడింది. పట్టాల మీద జనం, డప్పులు, జెండాలు. రైలు రోకో. అరగంట చూశారు, గంట చూశారు. ఆ తరువాత పెండ్లివాళ్లంతా దిగిపోయి పట్టాల మీద కలిసి ఆడారు. మా కెమెరామన్ యాకూబ్ భాయ్ కెమెరా ఆపలేదు. ఆయనకు ఆపడం రాదు.

టేపు ఇచ్చేటప్పుడు చెప్పాడు: "అక్కా, గేటు కాడి సీను చూడు. పెండ్లి కంటె అదే మస్తుగున్నది."

నిజంగానే ఉంది. నీలం చొక్కా వేసుకున్న రవీందర్, కండువా గాలిలో తిప్పుతూ వాళ్ల తాత భీమ్లా. ముసలాయన పట్టా మీద కాలు జారకుండా రవీందర్ ఒక చేత్తో ఆయన మోచేతిని పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తి ఆడుతున్నాడు. పక్కన పెండ్లికూతురు మేనమామ, ఇంకా చుట్టాలు.

నేను ఏం చేశాను? ఏ పెండ్లికైనా చేసేదే చేశాను. ఒక్కొక్క ముఖం ఆపి, చుట్టూ పూలు తిప్పి, కింద పేరు, వరుస, తండా వేశాను. పన్నెండు డిస్కులు వాళ్లకిచ్చాను. ఒకటి నా దుకాణంలో నమూనాగా పెట్టుకున్నాను. గేటు సీనును అన్నిటికన్నా ముందు పెట్టి, ప్లేయరులో కరెంటు రాగానే దానంతటదే మొదలై తిరుగుతూ ఉండేలా చేశాను. వచ్చినవాళ్లు ముందు అదే చూడాలని.

స్విచ్చుబోర్డు

కొన్ని వారాలకు ఒక పొద్దున కానిస్టేబుల్ నర్సయ్య వచ్చాడు. సివిల్ డ్రెస్సులో ఉన్నాడు, బూట్లు మాత్రం పోలీసువే.

"అక్కా, గిది మా ప్లేయర్ల ఆడుతలేదు. డిస్కు చేసియ్యాలె. కోర్టుకు పెట్టేది" అంటూ పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. "ఇంకోటి. మొఖాలు సాఫ్ కనవడేటట్టు ఆపి ఫొటోలు తియ్యాలె. కేసయింది. ఎవరెవరో మాకు తెల్వది."

ఫైలు తెరిచాను. అదే గేటు. అదే డప్పు. పోలీసుల ఫొటోగ్రాఫరు అవతలి గట్టు మీద నిలబడి తీశాడు. నీలం చొక్కా స్పష్టంగా కనబడుతోంది.

వాళ్ల దగ్గర పేర్లు లేని ముఖాలున్నాయి. పేర్లు నా దగ్గరున్నాయి, నర్సయ్య తలకు రెండు మూరల పైన, గోడ టీవీలో తిరుగుతున్నాయి. అప్పటికి గేటు సీను దాటిపోయింది, ఎవరో అమ్మాయికి గాజులు తొడుగుతున్నారు. డిస్కు తీసేద్దామని లేచాను. అప్పుడే కరెంటు పోయింది.

భూపాలపల్లిలో బొగ్గు బాయిల మీద సమ్మె. బొగ్గు లేదు, కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. కంప్యూటర్లకు బ్యాటరీ ఉంది, నర్సయ్య ఫైలు డిస్కు మీదికి ఎక్కుతూనే ఉంది. టీవీకి బ్యాటరీ లేదు. ముందు హమ్మయ్య అనుకున్నాను. ఆ వెంటనే ప్లేయరు సంగతి గుర్తొచ్చింది. కరెంటు లేనిది ప్లేయరు నోరు తెరవదు, డిస్కు బయటికి రాదు. కరెంటు వస్తే మొదటినుంచి మొదలవుతుంది. మొదట పెట్టింది గేటు.

స్విచ్చుబోర్డు నర్సయ్య కుర్చీ వెనకాల ఉంది. తన ఫోను కూడా చార్జింగుకు దానికే పెట్టుకున్నాడు.

"అన్నా, జర లేస్తవా, టీవీ స్విచ్చు బంద్ చేస్త."

"కరెంటే లేకపాయె, ఏం బంద్ జేస్తవ్?"

"వచ్చేటప్పుడు ఓల్టేజి ఎక్కువొస్తది. కాలిపోతది."

"కూసో అక్కా, నేను జేస్త" అని వెనక్కు తిరగకుండానే చెయ్యి చాపి ఒక స్విచ్చు నొక్కాడు. నాకు కనబడింది, అది ఫ్యానుది. "అది కాదన్నా" అందామని నోరు తెరిచాను. జనగామలో నా నోటికి భయపడని హోల్‌సేల్ వ్యాపారి లేడు. ఆ రోజు ఒక్క మాట రాలేదు. రెండోసారి అడిగితే ఎందుకంత తొందర అని అడుగుతాడేమో అని ఊరుకున్నాను. పిల్లలూ, ఇది రాసుకోండి: తప్పు చేసినదానికన్నా, అనుమానం వస్తుందేమో అని ఊరుకున్నదానికే నాకు ఎక్కువ నష్టం జరిగింది.

కరెంటు వచ్చింది.

డప్పు మోగింది. నర్సయ్య తలెత్తి చూశాడు. నీలం చొక్కా ఆగింది, చుట్టూ పూలు తిరిగాయి, కింద తెల్లటి అక్షరాలు పడ్డాయి. రవీందర్, పెండ్లికూతురు అన్న, తండా పేరు. ఆ తరువాత భీమ్లా. ఆ తరువాత మేనమామ. అప్పుడు లేచి, ఆయన భుజం మీదుగా చెయ్యి పెట్టి, స్విచ్చు ఆపాను.

నర్సయ్య ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు.

"పేర్లు బాగ రాసినవక్కా. అక్షరాలు పెద్దగున్నయి." నేను మార్చిన డిస్కును కవరులో వేసుకున్నాడు. "ఫొటోలు తీసి పెట్టు. రేపొస్త."

ఇక్కడ నిజం రాయకపోతే ఈ రాతే దండగ. ఆయన పోయాక నేను ఆ ఫొటోలు తీశాను. ఒక్కటి కూడా మసకగా తీయలేదు. చేతులు వాటి పని అవి చేశాయి. ప్రింట్లు కవరులో పెట్టి సొరుగులో దాచాను. ఆయన మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రోజూ తలుపు తీయగానే బూట్ల చప్పుడు కోసం వినేదాన్ని. నాలుగో రోజు ఆ ప్రింట్లు చింపి పొయ్యిలో వేశాను. అప్పటినుంచి, వచ్చి అడిగితే ఏం చెప్పాలన్నది కొత్త భయం.

ఆయన మళ్లీ రాలేదు. మంచివాడా, మరిచిపోయాడా, పైవాళ్లకు ఆ కేసు మీద ఆసక్తి తగ్గిందా, నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు రాయను.

పన్నెండు డిస్కులు

నర్సయ్య డిస్కు తీసుకుని వెళ్లిన సాయంత్రమే రవీందర్‌ను పిలిపించాను. విని, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎంక్వైరీ గీ వారమో వచ్చే వారమో అక్కా. కేసుల పేరుంటే నౌకరి పోయినట్టే. మా బాపు భూమి కుదువబెట్టి సదివించిండు."

"నీ పేరు నేనే రాసిననని నాకు తెలుసు. ఏడ్సుడు తర్వాత. డిస్కులు ఎవరెవరి కాడున్నయో చెప్పు."

నా నమూనా డిస్కును ముందు విరిచాను. టేపు మీద ఖాళీ రికార్డింగు చేసి తుడిచేశాను. తుడిచేముందు ఒక్క ముక్క దాచుకున్నాను, అది ఎందుకో అప్పుడు తెలియదు. భీమ్లా తాత ఆట. ఆ పెండ్లి తరువాత కొద్ది రోజులకే ఆయన చనిపోయాడు. ఆ ముక్క పారేయడానికి మనసు ఒప్పలేదు.

డిస్కులు ఒక్కొక్కటి వచ్చాయి. పెండ్లికూతురు మేనమామ తనది తానే తెచ్చి నా ఎదుటే మోకాలికి వేసి విరిచాడు. "నన్నెవలు అడిగినా నేను గా దినం పెండ్లికే పోలేదంట" అన్నాడు. ప్రతి డిస్కూ విరిచేటప్పుడు, దీన్ని ఇప్పటికే ఎవరైనా కాపీ కొట్టుకున్నారా అని భయం. అడిగితే అందరూ లేదనేవాళ్లు. ఎవరి మాటా నమ్మలేదు.

పదకొండు అయ్యాయి. పన్నెండోది భీమ్లా తాత భార్య, ముసలి సోమ్లి అవ్వ దగ్గరుంది. ఆమె మొగుడు పోయాక భూపాలపల్లి అవతల, మహదేవపూర్ పోయే దారిలో, చిన్న కూతురి ఇంట్లో ఉంటోంది. "నాకియ్యదక్కా. ఫోన్ల అడిగితె తిట్టింది" అన్నాడు రవీందర్.

ఆ ముసలమ్మను ఉత్త చేతులతో అడగలేను. దాచిన ముక్క తీసి, భీమ్లా తాత ఒక్కడే కనబడేలా బొమ్మను దగ్గరికి కత్తిరించాను. ఎంత కత్తిరించినా అంచున నీలం చొక్కా చెయ్యి మిగిలింది. తాత మోచేతిని పట్టుకున్న చెయ్యి. అది తీస్తే తాత సగం పోతాడు. ఉంచాను. పేరు వేయలేదు.

తెల్లగ ఉండె గద

బస్సులు బందు. రవీందర్ బండి మీద పోయాం. రెండు చోట్ల ఆపి సంచులు చూశారు. నా సంచిలో డిస్కు ఉంది. "ఏంది?" అంటే "పెండ్లి" అన్నాను. భూపాలపల్లిలో బాయిలు చప్పుడు లేకుండా ఉన్నాయి. బొగ్గు లారీలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి.

సోమ్లి అవ్వ డిస్కును చీర కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కరెంటు కోసం మధ్యాహ్నం దాకా చూశాం. వచ్చాక కొత్త డిస్కు వేశాను. ముసలాయన ఆడాడు. ఆమె చూసింది. రెండోసారి వేయమంది. వేశాను.

"కింద తెల్లగ ఉండె గద బిడ్డా. అదేది?"

"ఏదవ్వా?"

"మొఖం కింద. నాకు సదువు రాదు గని, గది ఆయన పేరని రవీందరే చెప్పిండు. ఆయన పేరు ఏడ రాసిండ్రు బిడ్డా? రేషను కార్డు మీద, గీ పళ్లెం మీద" అని ఒళ్లోని డిస్కును తట్టింది. " నువ్వు తీసేసినవ్."

"పేరుంటే పోలీసులొస్తరవ్వా."

"ఎవల కోసం? ఆయన కోసమా? రమ్మను. ఏడికి పోయి పట్కొస్తరో నేను గూడ జూస్త."

రవీందర్ వాళ్ల లంబాడీ మాటలో ఆమెను బతిమాలాడు. ఆమె అతని వైపు చూడలేదు, నన్నే చూసింది.

"వాని పేరు తియ్యి. నా బిడ్డల పేర్లు తియ్యి. బతికినోళ్లకు భయం. ఈయనకేం భయం? ఈయనది రాసి తే. అప్పుడే గిది ఇస్త."

జనగామ తిరిగి వచ్చి, భీమ్లా ముఖం కింద తెల్లటి పెద్ద అక్షరాలు మళ్లీ వేసి, నిదానం స్పీడులో ఒక్క డిస్కు కొట్టి, మళ్లీ ఆ దారినే తీసుకుపోయాను. ఆమె పాతది కొంగులోంచి తీసి నా చేతికిచ్చింది. విరిచాను. ఆమె చూడలేదు, అప్పటికే టీవీ వైపు తిరిగింది.

ఎంక్వైరీ అయింది. రవీందర్ మీద ఏ కేసూ లేదని కాగితం పోయింది. ఉద్యోగంలో చేరాడు.

ఆ చెయ్యి

రాష్ట్రం వచ్చింది. కేసులు ఎత్తేశారు. ఒకరోజు మేనమామ నా దుకాణం మెట్లెక్కాడు.

"అక్కా, గా గేటు కాడి డిస్కు కావాలె. నా పేరేసినవ్ గద. ఉద్యమంల ఉన్ననని లీడరుకు చూపియ్యాలె."

"గా దినం పెండ్లికే పోలేదంటివి గదనే? నా ముంగటనే ఇరగ్గొడ్తివి."

"గప్పుడు భయముండె."

సోమ్లి అవ్వ దగ్గర ఒకటుందంటే పోయి చూసి, మండిపడుతూ తిరిగొచ్చాడు. "ఊరంత ఆడితె ముసలోడొక్కడే కొట్లాడినట్టున్నది గదక్కా!"

ఈమధ్య రవీందర్ ఆ డిస్కు పట్టుకుని ఇంటికి వచ్చాడు. అవ్వ పోయింది. డిస్కు గీతలు పడి ఆగి ఆగి ఆడుతోంది, దాన్ని ఫోనులోకి మార్చివ్వమన్నాడు. పాత కంప్యూటర్ తీసి, చదివినంత చదివించి, ఫైలు చేశాను. ఇద్దరం చూశాం. భీమ్లా ఆడాడు. అంచున నీలం చెయ్యి.

"గది నాదే అక్కా."

"తెలుసు."

"ఇప్పుడేం కేసుల్లేవు. గా చెయ్యి కింద నా పేరు రాయరాదు?"

టైటిల్ పెట్టె తెరిచాను. 'ర' కొట్టాను. తలుపు దగ్గర ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది, పక్కింటామె. నా వేలు దానంతటదే ఆ అక్షరాన్ని చెరిపేసింది. కేసులు ఎత్తేస్తూ ఉత్తర్వు వచ్చింది గానీ, భయాన్ని ఎత్తేస్తూ ఏ ఉత్తర్వూ రాలేదు.

రవీందర్ తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. నవ్వలేదు. "వద్దులే అక్కా. తాతను పట్టుకున్నది ఎవరో మనకు తెలుసు, సాలు" అని ఫోను తీసుకున్నాడు.